మిరప బస్తాల్లో ఉప్పలయ్య

ఎర్రమిట్టలో ఉన్న తెలివంతా ఒక్కచోట కుప్ప పోస్తే అందులో ముప్పావు వంతు తమ ఇంట్లోదే అయి ఉంటుందని కొమరమ్మకు గట్టి నమ్మకం. మిగిలిన పావును ఊరంతా తలా కాస్త పంచుకోవాలి. ఆమె మొగుడు ఉప్పలయ్య, పెద్దకొడుకు భిక్షం, చిన్నకొడుకు సైదులు, తను. నలుగురూ నలుగురే. ఎవరు ఏ మాట చెప్పినా ఒక్క అక్షరం కింద పడనివ్వకుండా పట్టుకుని, చెప్పింది చెప్పినట్టు చేసేవాళ్ళు. ఊళ్ళోవాళ్ళకు చెవులున్నాయి గానీ వినడం రాదని ఉప్పలయ్య రోజూ అన్నం తినేటప్పుడు అనేవాడు. కొమరమ్మ అవునని ఇంకో గరిటె పప్పు వేసేది.

ఒకసారి పక్కింటి వెంకటనర్సు పెళ్ళికి పోతూ, మా ఇల్లు కాస్త కనిపెట్టుకుని ఉండండని చెప్పి పోయాడు. అంతే. నలుగురూ బల్ల తెచ్చి వీధిలో వేసుకుని, ఆ ఇంటికేసి రెప్ప వేయకుండా చూస్తూ కూర్చున్నారు. మధ్యాహ్నం ఒకడు వెనక గోడ దూకి లోపలికి పోయి, ఇత్తడి సామానంతా మూటగట్టి, దర్జాగా ముందు తలుపులోంచే బయటికి వచ్చాడు. మూట బరువుగా ఉంది, కాస్త నెత్తికి ఎత్తమంటే సైదులు ఎత్తాడు కూడా. వెంకటనర్సు వచ్చి నెత్తీ నోరూ బాదుకుంటే కొమరమ్మకు మనసుకు కష్టం వేసింది. ఇల్లు కనిపెట్టమన్నాడు, కనిపెట్టారు. ఒక్క ఇటుక కదల్లేదు. బిందెలు కనిపెట్టమని అతను అన్నాడా?

అలాంటి ఇంట్లో ఆ ఏడు మిరప కోతల నాటికి ఉప్పలయ్యకు వయసు మీద పడింది. కూర్చుంటే లేవడానికి ఇద్దరు కొడుకులు కావాలి. లేస్తే కూర్చోవడానికి మళ్ళీ ఆ ఇద్దరే కావాలి. దూరాన మేకను చూసి కోడి అనేవాడు. దగ్గరికొచ్చాక కోడికి కొమ్ములెందుకొచ్చాయని ఆశ్చర్యపోయేవాడు. కొమరమ్మ మొగుణ్ణి తీసుకుని ఆర్ఎంపీ డాక్టరు పురుషోత్తం దగ్గరికి పోయింది. ఆయన నాడి చూశాడు, కళ్ళు చూశాడు, మోకాలి మీద తట్టి చూశాడు.

"నీకు రోగమేం లేదు పెద్దాయనా. ఇది వయసు. వయసుకు మందు ఇంకా రాలేదు. వచ్చిన రోజు ముందు నీకే ఇస్తా" అని నవ్వి పంపించాడు.

ఇంకేముంది, మర్నాటి నుంచి భిక్షం బస్టాండులో కాపలా. వచ్చిన ప్రతి బస్సు దగ్గరికి పోయి, మందు వచ్చిందా అని అడిగేవాడు. కండక్టరు విసుగెత్తి, పొద్దున్నే మందేందయ్యా, పోయి వైన్సు దగ్గర అడుగు అన్నాడు. భిక్షం అక్కడికి పోయి అడిగితే, ఇప్పుడే లోడు దిగిందని చెప్పారు. భిక్షం కళ్ళ నీళ్ళు పెట్టుకుని ఒక సీసా పట్టుకుని ఇంటికి పరిగెత్తుకొచ్చాడు.

ఉప్పలయ్య గ్లాసెడు తాగాడు. కాసేపటికి తనంతట తనే లేచాడు. వాకిట్లో రెండు చుట్లు చిందేశాడు. కొమరమ్మ చెయ్యి పట్టుకుని, పెళ్ళయిన కొత్తలో పిలిచినట్టు "కొమరీ" అని పిలిచాడు. కొమరమ్మ సిగ్గుపడి కొంగు నోట్లో కుక్కుకుంది. మందు పనిచేసిందని ఇల్లంతా పండగ. సాయంత్రానికి అది దిగిపోయింది. ఉప్పలయ్య అరుగు మీంచి జారి పడ్డాడు. అప్పటిదాకా మోకాళ్ళే నొప్పి, ఇప్పుడు నడుము కూడా.

కొమరమ్మ బాగా ఆలోచించి తేల్చింది. మందు అసలుదే, కాకపోతే పచ్చిది. బాగా పండిన మందు రావాలంటే ఇంకా ఆగాలి. కానీ అన్నాళ్ళు ఈయన ఆగేదెట్లా? వంట చేస్తున్నా అదే దిగులు, కల్లంలో మిరపకాయలు తిరగేస్తున్నా అదే దిగులు. ఉప్పలయ్య లేకపోతే తను ఎవరికి వండాలి, ఎవరితో పోట్లాడాలి?

ఆ దిగులులో ఉండగా సైదులు టీ హోటల్ నుంచి రొప్పుతూ వచ్చాడు. హోటల్లో టీవీ చూశాడట. ఏదో దూరదేశంలో, నయం కాని జబ్బులవాళ్ళను గడ్డకట్టించి దాచిపెడుతున్నారట. ఏ యాభై ఏళ్ళకో మందు వచ్చినప్పుడు మళ్ళీ లేపుతారట. టీవీలో అమ్మాయి ఎంతో వివరంగా చెప్పిందట.

"గడ్డ కట్టాలె అన్నదా?" అని కొమరమ్మ గుచ్చి గుచ్చి అడిగింది.

"గడ్డ కట్టాలె అనే అన్నది. నా రెండు చెవులతో విన్న."

"ఏ గడ్డ?"

అదొక్కటీ ఆ అమ్మాయి చెప్పలేదు. ఇంటిల్లిపాదీ కూర్చుని చర్చ చేశారు. ఉల్లిగడ్డ కడదామన్నాడు భిక్షం. ఉల్లిగడ్డ వానాకాలానికే కుళ్ళిపోతుంది, యాభై ఏళ్ళు ఎక్కడ ఆగుతుందని కొమరమ్మ కొట్టిపారేసింది. ఆలుగడ్డ మొలకలొస్తుంది. మొలకలొస్తే ఈయన మీద ఆలు తోట లేస్తుంది. ఎల్లిగడ్డ అయితే ఉప్పలయ్యకు ఆ వాసన పడదు. చివరికి, ఏది పనిచేస్తుందో మనకేం తెలుసు, అన్నీ కడదామని ఉప్పలయ్యే తీర్పు చెప్పాడు. అంతే. భుజాలకు ఉల్లిగడ్డలు, నడుముకు ఆలుగడ్డలు, మోకాళ్ళకు అల్లంగడ్డలు కట్టి ఆయన్ని వాకిట్లో మంచం మీద కూర్చోబెట్టారు. మేకలు రెండు వచ్చి నడుము దగ్గర నమలడం మొదలుపెట్టాయి. ఉప్పలయ్య కదల్లేదు. గడ్డ కట్టినవాడు కదలకూడదు కదా.

అటుగా బండి మీద పోతున్న పురుషోత్తం డాక్టరు ఆ సంత చూసి ఆగాడు. సంగతి విని బండికి స్టాండు వేశాడు. తర్వాత ఓపిగ్గా చెప్పాడు. గడ్డకట్టించడమంటే కూరగడ్డలు కట్టడం కాదు, మనిషి ఒంటిని ఐసుగడ్డలాగా చల్లగా చేసెయ్యడం. అదీ బతికున్నవాళ్ళను కాదు, చచ్చిపోయినవాళ్ళను. అట్లా పడుకున్నవాళ్ళు లేచిన దాఖలా ఇంతవరకూ ఎక్కడా లేదు. డాక్టరు ఇదంతా చెప్పి, వీళ్ళు తలలూపడం చూసి, బుద్ధి వచ్చిందనుకుని వెళ్ళిపోయాడు.

వీళ్ళు విన్నది రెండు మాటలే. ఒకటి చల్లగా ఉండాలి. రెండు చచ్చిపోయి ఉండాలి.

చల్లదనం సంగతి భిక్షం చిటికెలో తేల్చాడు. పట్నం రోడ్డు మీద కోల్డ్ స్టోరేజీ ఉంది. నిరుడు వాళ్ళ మిరపకాయలు ఎర్రగా లోపలికి పోయి, నెలల తర్వాత ఎర్రగానే బయటికొచ్చాయి. ఒక్క ముడత ఎక్కువ పడలేదు. ధర వచ్చేదాకా మిరపకాయలు ఉండగా లేంది, మందు వచ్చేదాకా నాయన ఉండలేడా?

చావడం సంగతే కష్టంగా ఉంది. ఎవరికీ అలవాటు లేని పని. ఉప్పలయ్యే కాసేపు గెడ్డం గోక్కుని, తనకు మాత్రం అలవాటేనన్నాడు. వయసులో ఉన్నప్పుడు రోజంతా నీళ్ళు మోసి చేనుకు పెట్టి, సాయంత్రం ఇంటికొచ్చి మంచం మీద పడి, చచ్చిపోయాను దేవుడా అనేవాడు కదా. నిజమే, కొమరమ్మకు కూడా గుర్తుంది. ఆమె చెవులతో ఎన్నిసార్లు విందో.

ఇంకేముంది, ఆయన చేతికి రెండు బిందెలిచ్చారు. బోరింగు నుంచి తొట్టి దాకా, తొట్టి నుంచి బోరింగు దాకా. ఉప్పలయ్య మూలుగుతూ మోశాడు. కొమరమ్మ వెనకే నడుస్తూ, అయిందా, పోయావా అని అడుగుతూనే ఉంది. ఇంకా లేదు, ఇంకా ఉన్నాను అంటూ ఆయన మోస్తూనే ఉన్నాడు. మోసీ మోసీ చివరికి బిందె కింద పెట్టి, మట్టిలో చతికిలబడి "చచ్చాను" అన్నాడు.

అంతే. కొమరమ్మ ఘొల్లుమంది. కొడుకులు తలమీద చేతులు పెట్టుకున్నారు. పోయినవాడు లేచి కొమరమ్మ కన్నీళ్ళు తుడిచి, ఏడవకు, యాభై ఏళ్ళలో వస్తానని చెప్పి, మళ్ళీ పోయి అక్కడే పడుకున్నాడు.

కోల్డ్ స్టోరేజీలోకి బస్తాలనే తీసుకుంటారు గనక ఆయన్ని కొత్త గోనె బస్తాలో కూర్చోబెట్టి మూతి కుట్టారు. గోనె పట్టాలోంచి గాలి బాగానే ఆడుతుంది. కాకపోతే ఊపిరి తీసుకోవడం చచ్చినవాళ్ళ లక్షణం కాదు, ఎవరూ చూడకుండా తీసుకో అని సైదులు చెవి దగ్గర చెప్పాడు. ఆటోలో మిగతా మిరప బస్తాలతో పాటు వేసుకుని అన్నదమ్ములిద్దరూ బయలుదేరారు. కొమరమ్మ వీధి మలుపు దాకా వెనకే పోయి, ఆటో కనపడకుండా పోయాక కూడా అక్కడే నిలబడింది.

కోల్డ్ స్టోరేజీ ముందు బారులు తీరిన ఆటోలూ ట్రాక్టర్లూ. గుమస్తా జానకిరాములుకు తల పైకెత్తే తీరిక లేదు. వీళ్ళ వంతు రాగానే ఏ రకమని అడిగాడు. అన్ని బస్తాలూ తేజా రకం, ఇదొక్కటి మాత్రం ఉప్పలయ్య అని భిక్షం నిజమే చెప్పాడు. రోజుకో కొత్త విత్తనం పేరు వింటున్న గుమస్తా ఆశ్చర్యపోలేదు. పాతదా కొత్తదా అంటే, డెబ్బై ఏళ్ళు దాటిందన్నాడు భిక్షం. ఘాటుందా అంటే, మామూలుగా ఉండదు, అన్నంలో రాయి తగిలితే మాత్రం ఉంటుందన్నాడు సైదులు. ఎప్పుడు తీస్తారని అడిగితే యాభై ఏళ్ళకన్నారు. రైతు హాస్యమాడుతున్నాడనుకుని జానకిరాములు నవ్వాడు.

"ధర కోసం అందరూ అట్లే అంటరు. నెలలోపే వచ్చి తీస్కపోతరు" అని బస్తాను లోపలికి పంపించాడు.

హమాలీలు ఇద్దరు ఎత్తుకుని చలిగదిలోకి మోసుకుపోయారు. బస్తా తుమ్మింది. ముందున్న హమాలీ వెనకవాడు తుమ్మాడనుకుని చిరంజీవ అన్నాడు. వెనకవాడు ముందువాణ్ణి అనుకుని నూరేళ్ళు అన్నాడు. వందల బస్తాల మధ్య ఉప్పలయ్యను పేర్చి, తలుపేసి పోయారు.

ఇంటి దగ్గర కొమరమ్మ అన్నం వండింది. వంకాయ కూర చేసింది. అలవాటు కొద్దీ నాలుగు కంచాలు పెట్టింది. కొడుకులు తిన్నారు, తను కలుపుకుంది, నాలుగో కంచం అట్లాగే ఉంది. ఉప్పు తక్కువైందని అనేవాడు లేడు. ఉప్పు నిజంగానే తక్కువైంది, ఆ సంగతి చెప్పేవాడే లేక కొమరమ్మకు ముద్ద దిగలేదు. యాభై ఏళ్ళంటే ఎన్ని వంకాయ కూరలు? ఇంతలో ఆమెకు ఒళ్ళు జలదరించే మాట ఒకటి గుర్తొచ్చింది. ఉప్పలయ్యకు చలి పడదు. కార్తీక మాసంలో కూడా రెండు దుప్పట్లు కావాలి. ఇన్నిసార్లు చల్లగా చల్లగా అనుకున్నారే గానీ, ఇంట్లో ఎవరికీ ఆ సంగతి తోచలేదు.

ఆమె చెయ్యి కడుక్కుని, దండెం మీది గొంగడి లాక్కుని, దొరికిన ఆటో ఎక్కి కోల్డ్ స్టోరేజీకి పోయింది. మా ఆయనకు ఈ గొంగడి కప్పి వస్తానని జానకిరాములును అడిగింది. మీ ఆయన ఎక్కడున్నాడన్నాడు గుమస్తా. లోపల, మీరే కదా పొద్దున్న పేర్పించారు అంది కొమరమ్మ. జానకిరాములు చేతిలో టీ గ్లాసు జారి కింద పడింది. ఆమె మొహంలో హాస్యమేదీ కనపడక, హమాలీలను కేకేసి, తాళాలు తీసుకుని పరిగెత్తాడు.

తలుపు తియ్యగానే చలి మొహం మీద కొట్టినట్టు తగిలింది. ఎటు చూసినా బస్తాలే. అన్నీ ఒకటే రంగు, ఒకటే కుట్టు. జానకిరాములు పెద్దాయనా, పెద్దాయనా అని గొంతు చించుకున్నాడు. హమాలీలు బస్తాలు తట్టుకుంటూ పోయారు. పలుకు లేదు. గుమస్తా మొహం పాలిపోయింది. కొమరమ్మకు మాత్రం కారణం తెలుసు. చచ్చినవాళ్ళు పలకరు. ఆయన మాట మీద నిలబడే మనిషి, ఎంత పిలిచినా పలకడు. కానీ కాపురం చేసినదానికి ఇంకో సంగతి కూడా తెలుసు. తప్పు మాట వింటే ఊరుకునే మనిషి కాదు.

ఆమె గొంగడి గుండెకు హత్తుకుని అంది. "మన పెళ్ళిల మీవాళ్ళు పెట్టిన పప్పు మాడిపోయింది."

ఏ చప్పుడూ లేదు. మళ్ళీ అంది, ఈసారి గట్టిగా. "మొత్తం మాడిపోయింది. మావాళ్ళు పస్తు పోయిండ్రు."

కింది వరసలో, మూల నుంచి, పళ్ళు టకటక కొట్టుకుంటూ సన్నగా వినపడింది. "మా... మాడలే. అడుగంటింది."

హమాలీలు ఆ మూల మీద పడ్డారు. పై బస్తాలు విసిరేసి కుట్టు కోశారు. ఉప్పలయ్య పెదాలు నేరేడు పండు రంగుకు తిరిగి ఉన్నాయి. వేళ్ళు కొయ్యబారిపోయాయి. కళ్ళు మూసుకునే ఉన్నాడు. ఎత్తుకుని బయటికి తెచ్చి అరచేతులూ అరికాళ్ళూ రుద్దారు. కొమరమ్మ గొంగడి కప్పి తల ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తూ కూర్చుంది. ఇంకొంచెంసేపు ఆగి ఉంటే మనిషి దక్కేవాడు కాదని పురుషోత్తం డాక్టరు వచ్చి చూసి చెప్పాడు. వేడి టీ గుక్క గుక్కగా పట్టించమన్నాడు, మెల్లగా ఎండ తగలనివ్వమన్నాడు. అంతే. సంగతి తెలిసి వచ్చిన కొడుకులు ఇంటికి తీసుకుపోయి కల్లంలో మిరపకాయల పక్కన పట్టా పరిచి నాయనను ఆరబోశారు. ఒక వైపు వేడెక్కగానే రెండో వైపుకు తిరగేశారు. వేడికి కాదు గానీ మిరప ఘాటుకు ఉప్పలయ్య ఊరు అదిరేలా తుమ్మి, లేచి కూర్చుని, చుట్టూ చూశాడు.

"యాభై ఏండ్లు అయినయా?" అని అడిగాడు.

భిక్షం వేళ్ళు మడిచి లెక్క వేశాడు. నాయన యాభై ఏళ్ళయితే గానీ బయటికి రాకూడదని అనుకున్నాం. బయటికి వచ్చాడు. కాబట్టి యాభై ఏళ్ళయింది. ఈ లెక్కలో తప్పు ఎవరికీ కనపడలేదు. రోజులెంత తొందరగా గడిచిపోయాయని కొమరమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుంది. వంకాయ కూర గిన్నె ఇంకా కడగనే లేదు.

సైదులు పోయి పురుషోత్తం డాక్టరును, యాభై ఏళ్ళయింది, మందు వచ్చిందా అని అడిగి వచ్చాడు. ఆయన తలుపేసుకున్నాడట. కానీ తల నెరవకుండా, నడుము వంగకుండా, నిన్న చూసినట్టే ఉన్నాడట. మందు వచ్చే ఉంటుంది, మొత్తం ఆయనే తాగేసుంటాడని ఇంట్లో అనుకుని బాధపడ్డారు. పోనీలే, నాయన తిరిగొచ్చాడు, అదే చాలనుకున్నారు. భిక్షానికి అప్పుడు తన వయసు గుర్తొచ్చింది. నలభై ఏళ్ళకు యాభై కలిపితే తొంభై. వెంటనే నడుం పట్టుకుని మంచమెక్కాడు. సైదులు తమ్ముడే అయినా ఎనభై ఏడేళ్ళవాడు గనక, ఒక కర్ర వెతుక్కుని ఠక్కు ఠక్కుమంటూ నడవసాగాడు.

ఉప్పలయ్య మాత్రం ఇల్లంతా కలయజూసి, మా కొమరమ్మ ఏదని అడిగాడు.

భిక్షం మంచం మీంచే మళ్ళీ వేళ్ళు మడిచాడు. కొమరమ్మ కూడా ఆలోచనలో పడింది. కొమరమ్మకు అప్పటికే అరవై ఐదు. యాభై కలిపితే నూట పదిహేను. నూట పదిహేనేళ్ళ ఆడమనిషి చుట్టుపక్కల ఏ ఊళ్ళోనైనా బతికి ఉందా? లేదు. అంటే పోయినట్టే. ఆ మాట తట్టగానే ఆమెకు దుఃఖం పొంగుకొచ్చింది. తను ఎరిగినంతలో కొమరమ్మంత మంచి మనిషి ఇంకొకతె లేదు. ఉప్పలయ్య తల బాదుకుంటూ కుళ్ళి కుళ్ళి ఏడ్చాడు. అడుగంటిన పప్పు సంగతి చివరిదాకా ఒప్పుకోకుండానే పోయిందని ఏడ్చాడు.

ఇంకేముంది, కొమరమ్మకు దినం చెయ్యాలన్నారు. వండేవాళ్ళు కావాలి. కొమరమ్మే నడుం కట్టింది. పప్పు చారు, గారెలు, పాయసం, కొమరమ్మకు ఇష్టమని చింతచిగురు పచ్చడి కూడా చేసింది. వచ్చినవాళ్ళందరికీ కొసరి కొసరి వడ్డించి, పాపం పోయిన మనిషి చేతి వంట మీకు మళ్ళీ ఎక్కడ దొరుకుతుందని కన్నీళ్ళు తుడుచుకుంది. ఊళ్ళోవాళ్ళు నోట్లో గారె పెట్టుకుని నమలడం మరిచిపోయి చూశారు. వెంకటనర్సు ఏదో చెప్పబోయి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, ఇంకో గారె వేయించుకున్నాడు.

ఊళ్ళోవాళ్ళ భోజనాలయ్యాక ఉప్పలయ్య కంచం ముందు కదలకుండా కూర్చున్నాడు. వడ్డించే ఆమె చేతులకేసే చూస్తున్నాడు. పప్పులో పోపు కొమరమ్మ పెట్టినట్టే ఉంది. గాజుల చప్పుడు కూడా అదే. యాభై ఏళ్ళు ఒంటరిగా చలిలో ఉన్న మనిషి, గొంతు సవరించుకుని మెల్లగా అడిగాడు.

"నువ్వెవరోగాని యమ్మా, ఇట్లా వండేదానివి మళ్ళ దొరుకుతవో లేదో. నాకూ ఎవరూ లేరు. నన్ను మనువాడుతవా?"

కొమరమ్మ గరిటె పట్టుకుని ఆలోచించింది. సొంత మొగుడైతే మనువాడతావా అని మళ్ళీ అడగడు, కాబట్టి ఈయన వేరే మనిషే. మనిషి చూడబోతే నెమ్మదస్తుడు. మాట తీరు కూడా ఉప్పలయ్య తీరే. కాదనడానికి ఆమెకు నోరు రాలేదు, అవుననడానికి ధర్మం ఒప్పుకోలేదు. ఆఖరికి కొంగు సర్దుకుని, సిగ్గుపడుతూ చెప్పింది.

"నాకు మొగుడున్నడు. కోల్డ్ స్టోరేజీల ఉన్నడు. పోయి ఒక్కమాట అడిగొస్త."

అని, ఉప్పలయ్యను అరుగు మీద కూర్చోబెట్టి, వచ్చేదాకా ఎటూ పోవద్దని చెప్పి, ఉప్పలయ్యను అడగడానికి ఆటో ఎక్కింది.